లీడ్‌కీ స్వీప్‌కీ మధ్య పదిహేడు మంది

"లీడ్, లీడ్... స్వీప్ మాట్లాడుతున్న. అందరూ బస్సెక్కిన్రా? ఓవర్."

వాకీటాకీలో ఆ గొంతు వినగానే వేణుమాధవ్ సీట్లో నిటారుగా కూర్చున్నాడు. ట్రెక్ లీడర్‌గా అతనికి అది మొదటి రోజు.

"ఎక్కారు. నేనే లెక్కపెట్టాను. మొత్తం పందొమ్మిది. ఓవర్."

"శభాష్. బస్సు కదిలిందా? ఓవర్."

"కదిలి అయిదు నిమిషాలైంది. ఓవర్."

"మంచిది. మరి నేనెక్కిన్నా? ఓవర్."

వేణుకి చెమటలు పట్టాయి.

సికింద్రాబాద్‌లోని ఆ ట్రెకింగ్ క్లబ్‌కి ఒక పద్ధతి ఉంది. అందరికంటే ముందు నడిచేవాళ్ళు లీడ్, చిట్టచివర నడిచేవాళ్ళు స్వీప్. వెనకబడినవాళ్ళని కలుపుకుని రావడం, దారిలో జనం పారేసిన చిప్స్ కవర్లు ఏరడం స్వీప్ పని. వెనక నుంచి స్వీప్ కబురు చెబితేనే ముందు లీడ్ కదలాలి. మనవాడు ఆ ఒక్కటీ వదిలేసి తలలు లెక్కపెట్టాడు. పందొమ్మిదో తల, చెక్‌పోస్ట్ దాకా దింపమని ఎక్కిన అడవి గైడ్‌ది.

బస్సు వెనక్కి తిరిగింది. ఆదిలాబాద్ కొండల మీద వాన దంచుతోంది. టేకు చెట్టు కింద పసుపుపచ్చ రెయిన్‌కోట్‌లో ఒక అమ్మాయి, చేతిలో చెత్త సంచితో నిలబడి ఉంది.

"మీరేనా లీడ్?"

"సారీ అండీ, నిజంగా..."

"సారీ పక్కన పెట్టి ముందు ఈ సంచి పట్టుకోండి. లేకుంటే దీన్ని సుత వదిలేసి పోతరు."

ఆమె పేరు ప్రిసిల్లా. పుట్టి పెరిగింది మల్కాజ్‌గిరిలో. స్కూల్లో లెక్కల టీచర్. ఆ సంగతి తెలిశాక వేణుకి ఇంకా సిగ్గేసింది. అతనిది పద్మారావు నగర్‌లో కళ్ళద్దాల షాపు అని తెలిశాక ఆమెకి మాత్రం పండగే అయింది.

"ఏందీ, ఊరందరికీ అద్దాలమ్ముతూ మీకు మనిషి కనవడలేదా?"

ఆ వానాకాలమంతా వాళ్ళిద్దరూ ఒకే దారుల్లో నడిచారు. కానీ కలిసి నడవలేదు. అతను ముందు, ఆమె వెనక, మధ్యలో పదిహేడు మంది. వాగులు, జలపాతాలు, వెదురు పొదలు అన్నీ అతను ముందు చూసేవాడు. అరగంట తర్వాత ఆమె చూసేది. క్లబ్‌లో ఉన్నవి రెండే వాకీటాకీలు కాబట్టి కబుర్లన్నీ వాటిలోనే.

"స్వీప్, ఇక్కడ రాళ్ళు జారుతున్నాయి. జాగ్రత్త. ఓవర్."

"జారి చూసి చెప్తున్నవా, చూసి చెప్తున్నవా? ఓవర్."

"...జారే. ఓవర్."

ఆమె నవ్వు అడవంతా వినిపించేది. ఆ నవ్వు కోసమే వేణు మరో రెండుచోట్ల కావాలని జారాడంటే నమ్మండి.

నాలుగో ట్రెక్‌లో ఒక పెద్ద జలపాతం ముందు నిలబడి, ధైర్యం కూడగట్టుకుని అన్నాడు.

"స్వీప్, ఇక్కడ చాలా బాగుంది. నువ్వు పక్కనుంటే ఇంకా బాగుండేది. ఓవర్."

"నేను నీ పక్కనుంటే వెనకాల మీ తాత నడుస్తడా? ఓవర్."

వేణు నాలుక్కరుచుకున్నాడు. తర్వాత మెల్లగా అదే గొంతు, ఈసారి ఎగతాళి లేకుండా.

"అయినా... బాగనే ఉండేది."

ఓవర్ అనడం మర్చిపోయింది.

వేణు వాళ్ళమ్మ సీతామహాలక్ష్మిని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. చర్చికెళ్ళే కోడలా అని మొదట మొహం ముడుచుకుంది. షాపుకొచ్చిన ప్రిసిల్లా గంటసేపు కబుర్లు చెప్పి వెళ్ళాక, "ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందిరా?" అని తనే అడిగింది. ఇక మిగిలింది ప్రిసిల్లా తండ్రి.

ఏసురత్నం గారిది బాపట్ల వైపు. రైల్వేలో గూడ్స్ గార్డు ఉద్యోగానికొచ్చి ఎప్పుడో మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాడు, ఈమధ్యే రిటైరయ్యాడు. ఆయన ఎదుట మాట్లాడడానికి వేణు నాలుగు పేజీలు రాసుకుని బట్టీపట్టి వెళ్ళాడు.

"అంకుల్, మా ఇంట్లో పూజలు, మీ ఇంట్లో ప్రార్థనలు. అయినా..."

"అది మీ అమ్మగారూ మేమూ కూర్చుని మాట్లాడుకుంటాంలే బాబూ. ముందు నాకీ సంగతి చెప్పు. మా అమ్మాయిని అడవిలో వదిలేసి బస్సు తోలించుకుపోయింది నువ్వేనా?"

వేణు ప్రిసిల్లా వైపు చూశాడు. ఆమె ఫ్యాను వైపు చూసింది.

"డాడీ, అది నేను నవ్వులాటకు చెప్పిన!"

"నాకు నవ్వులాట కాదమ్మా. ముప్పై రెండేళ్ళు బండి చివరి పెట్టెలో ఒక్కణ్ణే కూర్చున్నాను. ముందున్న డ్రైవరు మొహం కూడా కనపడదు. వెనక నేనున్నానని అతను గుర్తుంచుకోవాలి. అదే నమ్మకం. ఒకసారి మర్చిపోయినోడు మళ్ళీ మర్చిపోడని నేనెట్టా అనుకోను?"

వేణు జేబులోని నాలుగు పేజీల్ని ఇంకా లోపలికి నెట్టేశాడు.

"వచ్చే ట్రెక్‌కి నేనూ వస్తా. నీ నడక చూశాకే అవునో కాదో చెబుతా," అన్నాడాయన.

గుమ్మం దగ్గర ప్రిసిల్లా గుసగుసగా, "పరేషాన్ గాకు. ఈసారి గైడ్‌ని లెక్కవెట్టకు, చాలు," అంది.

సెప్టెంబర్‌లో బయల్దేరారు. ఏసురత్నం గారు గొడుగు చేతబట్టుకుని వేణు వెనకే నడిచాడు. జలపాతం చూసి తిరిగొస్తుంటే వాన అందుకుంది. మోకాలి లోతు వాగు తాడు పట్టుకుని దాటి, లెక్క చూసుకుంటే ఇవతల వేణు, మరో పదహారు మంది. ఇంకా సృజన అనే బ్యాంకు ఉద్యోగిని, ఆమెతోపాటు ప్రిసిల్లా రావాలి. వాకీటాకీలో గరగర తప్ప మాట లేదు.

అందరూ ఒక పెద్ద బండరాయి కింద నక్కారు. బస్సు ఇంకో కిలోమీటరే. అందులో వేడి అన్నం, సాంబారు ఉన్నాయి. పావుగంట ఓపిక పట్టారు, ఆ తర్వాత సణుగుడు మొదలైంది.

"పదవయ్యా," అన్నాడు ఏసురత్నం. "దానికి దారి తెలుసు. వస్తుందిలే."

"వెనక నుంచి కబురు రానిదే కదలనంకుల్."

"నేను చూస్తున్నానని నాటకమాడుతున్నావా?"

వేణు తడిసిన మొహం తుడుచుకున్నాడు. "మొదట్లో అదేనంకుల్. మీరు మెచ్చుకోవాలనే ఆగాను. ఇప్పుడు మాత్రం భయంగా ఉంది. తన గొంతు వినపడక నలభై నిమిషాలైంది. అడవిలో ఇంతసేపు ఎప్పుడూ ఊరుకోలేదు. వెతుక్కుంటూ పోదామంటే వీళ్ళందర్నీ వదిలెళ్ళకూడదు. ఏం చెయ్యాలో తోచట్లేదు."

ఏసురత్నం గారు గొడుగు తెచ్చి అతని నెత్తిన పట్టి, పక్కనే నిలబడి వాగు అవతలికి చూడసాగాడు.

"లీడ్... స్వీప్." గరగరలోంచి గొంతు వచ్చింది. "సృజనకు కాలు బెణికింది. మెల్లగ నడిపిస్తున్న. మీరు పోయి తినండి. ఓవర్."

వేణు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. "పోము. ఓవర్."

"అన్నం సల్లారుతది. ఓవర్."

"చల్లారనీ. ఓవర్."

"డాడీ ఉన్నడని యాక్టింగ్ షురూ చేసినవా? ఓవర్."

"ఆయన కూడా అదే అడిగారు. ఓవర్."

రాయి కింద పదహారు మందీ గొల్లుమన్నారు.

కాసేపటికి సృజన చేయి భుజాన వేసుకుని ప్రిసిల్లా అవతలి ఒడ్డున కనిపించింది. వేణు ఎదురెళ్ళి ఇద్దర్నీ దాటించాడు. ఒడ్డెక్కగానే ఏసురత్నం గారు కూతురి చేతిలోంచి వాకీటాకీ తీసుకున్నాడు.

"ఇదిలా ఇవ్వమ్మా. ఈ అమ్మాయిని నేను మెల్లగా తీసుకొస్తా. వెనక నడవడం నాకు కొత్తా?"

"మరి నేనేం చెయ్యాలె?"

"ముందుకెళ్ళు. ఆ అబ్బాయి పక్కన నడువు."

ప్రిసిల్లా తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చేయి ఒకసారి గట్టిగా నొక్కి ముందుకి కదిలింది.

అలా మొదటిసారి ఇద్దరూ పక్కపక్కన నడిచారు. తీరా పక్కన ఉంటే వేణు వాకీటాకీని గుప్పిట్లో బిగించి పట్టుకుని, నేల చూపులు చూస్తూ నడిచాడు. వాన తగ్గి చెట్ల ఆకులు మాత్రం చుక్కలు రాలుస్తున్నాయి.

"ఏమన్నా చెప్పవా? గింత దూరం నడిపించి మూగనోము పట్టినవా?" అంది ప్రిసిల్లా.

"చాలా భయపడ్డాను. నువ్వు లేకుండా ఇంటికెళ్ళడమనే ఆలోచనే తట్టుకోలేకపోయాను."

ఆమె చటుక్కున అతని చేయి పట్టుకుంది. "నేను సుత. నువ్వు పోము అన్నప్పుడు ఏడుపొచ్చింది, తెలుసా? సృజన చూసి వాన నీళ్ళనుకున్నది."

"ఆదివారం అమ్మని మీ ఇంటికి తీసుకురానా? అంకుల్ ఏమంటారో..."

"సాయంత్రం తీసుకురా," అంది అతని చేతిలోని వాకీటాకీ, ఏసురత్నం గొంతుతో. "పొద్దున చర్చి ఉంటుంది. మీ అమ్మగారు చేపల పులుసు తింటారా? ఓవర్."

వేణు ఉలిక్కిపడి చూసుకున్నాడు. కంగారులో అతని బొటనవేలు ఇందాకటిదాకా బటన్‌ని నొక్కే ఉంచింది; మాటలన్నీ వెనక ఆయనకి వినపడ్డాయి. ప్రిసిల్లా రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

"మాది భీమవరం అంకుల్, తినకేం? ఓవర్."

"అంకుల్ ఏంటయ్యా ఇంకా? మావయ్యా అను. ఓవర్."

వేణు నోరు తెరిచాడు. మాట కంటే ముందు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ప్రిసిల్లా అతని చేతిలోంచి వాకీటాకీ లాక్కుని బటన్ నొక్కింది.

"అంటడు డాడీ. ఏడుస్తున్నడు, జెర టైమియ్యి. ఓవర్."