కత్తిరించిన పేరా

"'లైటింగ్ బాగుంది.' ఇంతేనా అండీ?"

పత్రిక ఆఫీసులో నాటకాల రివ్యూలు రాసే ఆమె టేబుల్ ముందు నిలబడి, పేపరు మడత విప్పి చదివాడతను. నాటకాలకు లైట్లు వేసేవాడు.

"బాగుందనే కదా రాశాను. దానికీ కోపమేనా?"

"భోజనం బాగుందన్నట్టు రాశారు. ఏం తిన్నారో చెప్పలేదు."

పక్క గదిలోంచి ఎడిటర్ నవ్వింది. రివ్యూ రాసినామెకు స్వయానా పిన్ని. "బాగా అడిగావయ్యా. ఇదిగో అమ్మాయ్, ఈసారి రివ్యూలో 'బాగుంది', 'అద్భుతం' కనపడ్డాయంటే నీ కాలమ్ వంటల పేజీకి ఇచ్చేస్తాను."

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ కాలమ్ కోసం ఏడాది పాటు ప్రూఫులు దిద్దింది మరి.

అది చూసి అతను మెత్తబడ్డాడు. "రేపు సాయంత్రం కొత్త నాటకం ఉంది. నా పక్కన కూర్చుని చూడండి."

మర్నాడు హాలు చివర, లైట్ల బోర్డు పక్కన స్టూలు మీద కూర్చుందామె. పైన రేకుల మీద వాన దరువేస్తోంది.

"ఇప్పుడేం చూశారు?" గుసగుసగా అడిగాడు.

"తల్లి ఏడుస్తోంది."

"అది కథ. మీ కంటికి కనిపించిందేమిటి?"

ఆమె కళ్ళు చిట్లించింది. "ముఖం చీకట్లో ఉంది. చేతుల మీదే వెలుగు. కొడుకు చొక్కా మడతపెడుతోంది... పెట్టిందే మళ్ళీ విప్పి పెడుతోంది."

"అదీ. ఇక ఏడుపని చెప్పక్కర్లేదు."

మరునాడు రివ్యూ చదివి పిన్ని కళ్ళజోడు తీసింది. "ఆ చొక్కా ముక్క దగ్గర ఆ తల్లి నా కళ్ళకు కట్టింది. కాలమ్ నీదే." అంటూనే కత్తెర తీసి చివరి పేరా కత్తిరించింది.

"అదెందుకు పిన్నీ?"

"'లైటు మార్చేముందు అతను ఊపిరి బిగబడతాడు. వెలుగు సరిగ్గా పడ్డాక ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట.' ఈ సొట్ట ఏ సీట్లోంచి కనపడుతుందే?"

ఆమె ఆ ముక్క లాక్కోబోయింది.

"ఇది పేపర్లో వేసేది కాదు. ఆ మనిషి గుమ్మం దగ్గర గొడుగేసుకుని పావుగంట నుంచీ నిలబడ్డాడు. వెళ్ళి ఇచ్చిరా."

అతను ఆ ముక్క రెండుసార్లు చదివాడు. గొడుగు మొత్తం ఆమె వైపే ఒరిగిపోయింది. అతని భుజం తడిసి ముద్దవుతోంది.

"నిన్న మూడో సీనులో లైటు ఆలస్యమైంది. గమనించారా?"

"గమనించాను."

"మరి రాయలేదేం?"

"ఎందుకు ఆలస్యమైందో తెలియలేదు."

"మిమ్మల్ని చూస్తున్నాను."



"అయితే రాయనులెండి," అని గొడుగు కిందికి ఇంకాస్త జరిగింది.