నల్ల మెర్సిడెస్ కింద కర్రదిమ్మ

తెలియనివాడు గోతిలో పడితే పక్కవాళ్లు చెయ్యందిస్తారు. అన్నీ తెలిసినవాడు పడితే, ఏదో పని మీదే దిగాడనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. పళ్లాయన సంగతి సరిగ్గా అలాంటిదే.

కట్టుడు పళ్లు తయారుచేయడం ఆయన వృత్తి, అందుకే ఆ పేరు. పగలంతా దంతవైద్యుడి గది వెనక చిన్న బల్ల ముందు కూర్చుని, మైనం చెక్కీ ప్లాస్టరు పోసీ, ఊరందరి నవ్వులూ సరిచేసేవాడు. తాను నవ్వడం మాత్రం ఈమధ్య మరిచిపోయాడు.

ఆయనకున్న సరదా ఒక్కటే. పాత జర్మనీ కార్ల బొమ్మలు. పిల్లలు విరగ్గొట్టే ప్లాస్టిక్‌వి కావు, కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసినవి. డైకాస్ట్ అంటారు. అరచేతిలో పట్టే ఆకుపచ్చ బీటిల్, వెండిరంగు పోర్షే, కన్నీళ్లు పెట్టుకున్నట్టు దీపాలు వాల్చుకున్న ఓ ఒపెల్. హాల్లో అద్దాల బీరువా నిండా అవే.

"ఇంట్లో ఇన్ని కార్లు. నేను మాత్రం మిల్లుకు నడిచే పోవాలి. నా రాత," అనేది భార్య. ఆవిడ బట్టల మిల్లులో రెండో షిఫ్టు. మధ్యాహ్నం వెళ్తే, ఊరు మాటుమణిగే వేళకు ఇల్లు చేరేది.

వాళ్లకు ఒక్కతే కూతురు. గొంతు, ఒళ్లు, తిండి అన్నీ పిచ్చుకంతే కాబట్టి పిచ్చుక అని పిలిచేవాళ్లు. వారాల తరబడి దాన్ని జ్వరం వదలడం లేదు. మందు వేస్తే దిగేది, చీకటి పడితే ఎక్కేది. సాయంత్రాలు మంచం పక్కన కుర్చీ వేసుకుని తడిగుడ్డ మార్చడం పళ్లాయన వంతు. నిద్ర అనేది ఆయనకు ఊరు విడిచి వెళ్లిన బంధువులా అయిపోయింది. ఎప్పుడో వచ్చేది, కూర్చోకుండానే వెళ్లిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక ముసలావిడ కబురుపెట్టింది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు, ఆయనకూ ఈ బొమ్మల పిచ్చే. పోయి ఏడాది కావస్తోంది. అన్నీ ఎవరెవరికో ఇచ్చేయగా ఒక్కటి మిగిలింది. నల్ల మెర్సిడెస్. పాత కాలపు గుండ్రటి వీపు, వెడల్పాటి ముక్కు, ఎక్కడా రంగు లేవలేదు. అడుగున చిన్న కర్రదిమ్మ పెట్టి ఉంది. చక్రాలు నాలుగూ గాల్లో ఉన్నాయి.

"తీసుకుపో నాయనా. ఆ దిమ్మ మాత్రం తియ్యకు," అంది ముసలావిడ.

"ఎందుకమ్మా?"

"ఆయన తియ్యనిచ్చేవాడు కాదు. పొద్దున్న లేవగానే ముందు దిమ్మ ఉందో లేదో చూసి, తర్వాతే మొహం కడుక్కునేవాడు."

పళ్లాయన మనసులో నవ్వుకున్నాడు. దిమ్మ ఎందుకో ఆయనకు తెలియదా! రబ్బరు టైర్లున్న పాత బొమ్మలు ఏళ్లకేళ్లు ఒకేచోట నిలబడితే, బరువుకు టైర్ల అడుగు చదునవుతుంది. అందుకని ఈ సరదా ఉన్నవాళ్లు కింద దిమ్మ పెట్టి చక్రాలు పైకి లేపి ఉంచుతారు. ఇంటికొచ్చి దీపం కింద తిప్పి చూశాడు. ఈ మెర్సిడెస్‌కు రబ్బరే లేదు, చక్రాలు కూడా లోహమే. వందేళ్లు నిలబెట్టినా చదునయ్యేవి కావు.

"పాపం, గడియారాలాయనకు ఇంతమాత్రం తెలియలేదు," అనుకున్నాడు. దిమ్మ తీసి, అవసరమున్న పోర్షే కింద పెట్టాడు. మెర్సిడెస్‌ను బీరువాలో నాలుగు చక్రాల మీదా నిలబెట్టాడు. తెలిసినవాడు చేసే తప్పు ఇలాగే ఉంటుంది. చెయ్యి వణకదు.

మర్నాడు సాయంత్రం వాన పట్టుకుంది. భార్య మిల్లుకు వెళ్లింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. పళ్లాయన కొవ్వొత్తి వెలిగించి పిచ్చుక నుదురు తాకి చూశాడు. పెనంలా ఉంది. గుడ్డ తడిపి వేశాడు. చూరు నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు, పిల్ల ఊపిరి చప్పుడు. ఇంకేమీ లేదు.

తర్వాత ఇంకొకటి వినిపించింది. హాల్లో నున్నటి నేల మీద ఏదో సన్నగా దొర్లుతోంది.

సర్ర్... ఆగింది. సర్ర్...

ఎలుక అనుకున్నాడు. కొవ్వొత్తి పట్టుకుని లేచాడు. బీరువా తలుపు మూసే ఉంది. లోపల నల్ల మెర్సిడెస్ లేదు. అది పిల్ల గది గుమ్మం దగ్గర నేలమీద ఉంది. ముక్కు గదివైపు.

మనిషి అలిసిపోతే భయపడడానికి కూడా ఓపిక ఉండదు. "నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాను," అనుకున్నాడు. తీసుకెళ్లి బీరువాలో పెట్టి గడియ వేశాడు. వేళ్లకు తడి తగిలింది. వాసన చూశాడు. పెట్రోలు, తడిసిన తోలు సీటు, దాని కింద మందుల వాసన లాంటిదేదో. బొమ్మకు పెట్రోలు వాసనేమిటి?

"నాన్నా..." పిచ్చుక పిలిచింది.

పరుగున వెళ్లాడు.

"లైట్లు ఆర్పమను నాన్నా. కళ్లలో పడుతున్నాయి."

"కరెంటే లేదు తల్లీ."

"గోడమీద చూడు..."

చూశాడు. కొవ్వొత్తి నీడ తప్ప ఏమీ కనపడలేదు. కానీ ఆ నీడ, ఎదురుగా ఏదో బండి మలుపు తిరిగి వస్తున్నట్టు, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా జరిగింది. కొవ్వొత్తి మాత్రం కదల్లేదు.

వంగి మంచం కింద చూశాడు. అక్కడుంది.

ముసలావిడకు ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"దిమ్మ తీశావా?" అంది, ఆయన నోరు తెరవకముందే.

"తీశానమ్మా."

వాన చప్పుడు. ఆవిడ వైపు కూడా వానే.

"ముక్కు ఎటు తిరిగుంది?"

"మంచం కింద ఉందమ్మా. ముక్కు తలగడ వైపు."

"మంచం మీద ఎవరు నాయనా?"

"మా అమ్మాయి. జ్వరంతో ఉంది."

ఆవిడ గుసగుసగా అడిగింది. "వెనక తలుపు మూసే ఉందా?"

"అమ్మా, దీనికి తెరుచుకునే తలుపుల్లేవు. పైడొల్ల మొత్తం ఒకటే పోత. తలుపు గీతలు ఊరికే చెక్కారంతే."

"నాకూ తెలుసు. మూసే ఉందా అని అడుగుతున్నా."

ఆయన మంచం కిందికి మళ్లీ చూడలేకపోయాడు.

"నాయనా, ముందు దాన్ని ఆ పిల్లకు దూరంగా..."

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు.

అప్పుడు పళ్లాయన రెండో తప్పు చేశాడు. బయట వానలోకి గిరాటేసి ఉంటే ఏమయ్యేదో! కానీ ఏళ్లతరబడి సరదాపడి కూడబెట్టేవాడికి బొమ్మను విసిరేయడానికి చెయ్యి రాదు. భద్రమైన చోటు తన చెయ్యే అనుకుంటాడు. పోర్షే కింది దిమ్మ లాక్కొచ్చి, మంచం కింది మెర్సిడెస్‌ను బయటికి తీసి, దాని అడుగున పెట్టి, పళ్ల సెట్లు బిగించే సన్నతీగతో రెండింటినీ కలిపి గట్టిగా చుట్టాడు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. పిల్ల పక్కనే కుర్చీలో కూర్చున్నాడు.

గాల్లో ఉన్న చక్రాలు కాసేపు ఆయన వేళ్లను రాసుకుంటూ తిరిగాయి. నెమ్మదించాయి... ఆగాయి.

పిచ్చుక కళ్లు మూసుకునే గొణిగింది. "వాళ్లు సర్దుకుని చోటిచ్చారు నాన్నా."

"ఎవరమ్మా?"

"వెనక సీట్లో వాళ్లు. నా అంత పిల్లలే. అందరికీ జ్వరమేనట."

"నువ్వు ఎక్కకు. నాన్న ఇక్కడే ఉన్నాడుగా. ఎక్కకు తల్లీ."

"చల్లగా ఉంటుందట నాన్నా లోపల..."

ఆయన దాని చెయ్యి పట్టుకోవాలనుకున్నాడు. పట్టు వదిలితే బండి పోతుంది. బండి వదలకపోతే పిల్ల చెయ్యి అందదు. అలాగే కూర్చున్నాడు. కళ్లు మండుతున్నాయి. రెప్పలు బియ్యపు మూటల్లా బరువెక్కాయి. నాలుక కొరుక్కున్నాడు. మోకాలు గిల్లుకున్నాడు. వారాలుగా తప్పించుకు తిరిగిన నిద్ర, సరిగ్గా రాకూడని క్షణంలో వచ్చి భుజమ్మీద చెయ్యి వేసింది.

క్షణమే. ఒక్క క్షణమే.

ధబ్!

బొమ్మ చప్పుడు కాదు. బరువైన, అసలైన కారు తలుపు చెవి పక్కనే మూసిన చప్పుడు.

ఉలిక్కిపడి లేచాడు. కొవ్వొత్తి ఆరిపోయి ఉంది. బండి ఒళ్లోనే ఉంది. తీగ బిగుతుగానే ఉంది. దిమ్మ కదల్లేదు. చీకట్లో తడుముకుంటూ మంచం మీద చెయ్యి వేశాడు. పిల్ల ఉంది! నుదురు తాకాడు. చల్లగా ఉంది. ఒళ్లంతా తడిమాడు. చల్లగా, హాయిగా... జ్వరం పోయింది.

షిఫ్టు దిగి వచ్చిన భార్య, ఆయన పిల్ల కాళ్ల దగ్గర తలపెట్టి ఏడుస్తుంటే హడలిపోయింది. తర్వాత తనూ పిల్ల నుదురు ముట్టుకుని, పక్కనే కూలబడి ఏడ్చింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. ముందెన్నడూ లేని చలి. కిటికీలోంచి ఎండ పల్చగా పడుతోంది. పిచ్చుక మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఆకలేస్తోందా నా తల్లికి?" భార్య నవ్వుతూ అడిగింది. చలికి ఆవిడ నోట్లోంచి మాటలతోపాటు తెల్లగా ఆవిరి వస్తోంది.

"చాలా ఆకలేస్తోందమ్మా," అంది పిచ్చుక.

"విన్నారా? ఎన్నాళ్లకు అడిగింది! అలా దిష్టిబొమ్మలా నిలబడతారేం, వెళ్లి పాలు తీసుకురండి."

"వెళ్తున్నా," అన్నాడు పళ్లాయన. ఆయన నోటి నుంచీ ఆవిరే.

కూతురి మొహం చూస్తూ నిలబడ్డాడు. "ఇంకేం కావాలమ్మా?"

"ఏం వద్దు నాన్నా. బాగుంది."

ఎండకు ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది. పెదాలు కదులుతున్నాయి. వాటి ముందు గాలి గాజులా తేటగా ఉంది.

ఆయన కుర్చీ మీదున్న నల్ల బండిని తీసి వెలుతురుకు ఎత్తిపట్టాడు. అడుగు చుట్టూ మేకులతో బిగించిన పాత బొమ్మ. లోపలికి చీమ కూడా దూరలేదు. వెనక సీటు పక్కన గోరంత అద్దం. దాని లోపలివైపు తెల్లటి మసక కమ్మింది.

చూస్తుండగానే అది కరిగింది. మళ్లీ కమ్మింది. కరిగింది... కమ్మింది.

"నాన్నా," అంది మంచం మీద పిల్ల. "దాన్ని ఎండలో పెట్టకు."