ఆగమ్మ నుదుటి ఎరుపు

హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లో పొద్దున్నే రెండు పొంగుతాయి: పొయ్యి మీద పాలు, పొయ్యి పక్కన ప్రహ్లాద్. ఆ రోజు పాలు మామూలుగానే పొంగాయి. ప్రహ్లాద్ మాత్రం ఇంకా చల్లగానే ఉన్నాడు. తల్లి ఆగమ్మ పోయి ఏడాది. మధ్యాహ్నానికి చుట్టాలొస్తారు. అఫ్జల్‌గంజ్‌లోని ఆయన ఫ్లెక్సీల దుకాణానికి ఆ పూట సెలవు. ఊళ్లో దండం పెట్టే మొహాలన్నిటినీ అచ్చేసిన మనిషి, కన్నతల్లి బొమ్మను మాత్రం కూతురికి అప్పగించాడు.

అప్పగించాడనడం పెద్ద మాట. సోనీ లాక్కుంది. నెలల తరబడి ట్యాబ్ మీద నానమ్మను గీసింది. "మన మెషిన్ల తీద్దాం బిడ్డా, వానకు తడ్వది, ఎండకు ఎండది" అన్నాడు తండ్రి. "నానమ్మ ఏమన్న కార్పొరేటరా బాపు, ఫ్లెక్సీ కట్టనీకి?" అంది కూతురు. ఆమెకు వాటర్‌కలర్ కాగితమే కావాలి. మందంగా ఉండాలి, తడిమితే జొన్నరొట్టెలా గరుగ్గా తగలాలి. ఊరవతల ప్రింటింగ్ స్టూడియో చుట్టూ తిరిగి, చిన్న చిన్న ముక్కల మీద రంగులు సరిచూసుకుని, చివరికి తలుపంత బొమ్మ తీయించి తెచ్చింది. ఫ్లెక్స్ వ్యాపారి కూతురు ఫ్లెక్సిబుల్‌గా ఉండాలని రూలేం లేదు కదా!

బొమ్మను అట్టకు బిగించి ముందుగది గోడకు వేలాడదీసింది. పైన పాత దుప్పటి కప్పింది.

"గిప్పుడన్న జూపిస్తవా, లేకుంటే టిక్కెట్ వెడ్తవా?" అన్నాడు ప్రహ్లాద్.

వంటింట్లోంచి భార్య లలితమ్మ పిండిచేతులతోనే వచ్చి నిలబడింది. సోనీ దుప్పటి లాగింది.

గోడ మీద ఆగమ్మ నవ్వింది. గడ్డం కింద పచ్చబొట్టు, మెడ మీద ముడతలు, చెవి వెనక జారిన తెల్లవెంట్రుక, అన్నీ అచ్చం ఆమెవే. నుదుటి మీద మాత్రం రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు.

ప్రహ్లాద్ గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"ఏందిది?"

"బొట్టు."

"బొట్టని నాకు తెల్వదా? మా బాపు పోయిన కాడికెల్లి మా అమ్మ నొసట ఎర్రచుక్క నేను చూళ్లే. నొసలు కడిగిన పలక లెక్క ఉంచుకొని నన్ను సాకింది. ఊరంత చెప్పుకున్న నేను! ఇయ్యాల కృష్ణయ్య చిన్నాయన ఒచ్చి చూస్తే నా మొకం యాడ వెట్టుకోవాలె?"

"ఉన్నకాడ్నే ఉంచుకో బాపు."

"సోనీ!" లలితమ్మ గదిమింది.

"తీసెయ్. ట్యాబ్‌ల ఒక్కసారి నొక్కితే పోతదంటివి గద."

"ట్యాబ్‌ల పోతది. ఈ కాగితం తాగిన రంగును మల్ల కక్కదు."

ట్యాబ్‌లో బొమ్మకు లేయర్లుంటాయి, వద్దనుకున్న పొరను తీసేయొచ్చు. ఇంట్లో లాయర్లుంటారు, వాళ్లనే తీసేయలేం. లలితమ్మ ఇద్దరి తరఫునా వాదించబోయి ఇద్దరి చేతా తిట్లు తిని, గోడకు ఆనుకుంది.

ప్రహ్లాద్ విసురుగా మెట్ల కిందికి పోయాడు. సైన్‌బోర్డులు రాసిన కాలం నాటి బ్రష్షు, తెల్లరంగు డబ్బా పట్టుకొచ్చాడు. సోనీ బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"జరుగు."

"జరగ."

"అది నా తల్లి!"

"నాకేమైతది? పక్కింటామెనా?"

"ఏందయ్యా, చిన్నపిల్ల మీద గీ జోరేంది!" లలితమ్మ చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించాడు. తెల్లరంగు చుక్క నేల మీద టప్పున పడింది.

సోనీ గొంతు తగ్గింది. "తెల్లగ జేస్తే జెయ్ బాపు. ట్యాబ్‌ల ఉన్నది గూడ తీసేస్త. ఇగ ఈ ఇంట్ల నేను బొమ్మ గియ్య." పక్కకు తప్పుకుంది.

ప్రహ్లాద్ బ్రష్షెత్తి తల్లి నుదుటికి దగ్గరగా వంగాడు. బొట్టు చుట్టూ సన్నని గులాబీ మరక కనబడింది. కొడుకు ఆగలేదు కానీ, లోపలున్న అచ్చుపనివాడు ఆగాడు.

"గిదేంది, సుట్టు రంగు పారింది? గీ సక్కదనానికా అంత దూరం పోయినవ్? నా మెషిన్ల పారుతదా గిట్ల?"

"పారలే. గీసిన."

"ఎందుకు?"

"బొట్టుబిళ్ల జిగురు నానమ్మకు పడకపోయేది. దద్దు లేచేది. బొమ్మ చిన్నగ తీస్తే ఆ దద్దు కనబడదు, ఫ్లెక్సీ మీద మెరుపుల దాగిపోతది. ఈ కాగితమైతేనే ఒంటితోలు లెక్క కనబడ్తది. అందుకే గింత పెద్దగ తీయించిన."

బ్రష్షు గాల్లోనే ఉండిపోయింది.

ఆ ఎరుపు ఆయనకు తెలుసు. సాయంత్రాలు దుకాణం నుంచి రాగానే ఎన్నోసార్లు చూశాడు. "నొసటికి ఏమైందే అమ్మా?" అంటే, "చెమటపొక్కు రా" అనేది. మందులషాపులో మలాము తెచ్చిచ్చేవాడు. పూసుకోలేదని కసిరేవాడు. చివరిసారి తెచ్చిన ట్యూబు ఇప్పటికీ గూట్లో ఆమె దువ్వెన పక్కనే ఉంది, మూతైనా తియ్యకుండా.

"బిళ్ల ఎవరు వెట్టిండ్రు?"

"నేనే. చిన్నప్పుడు ఆటకు వెట్టిన. అద్దంల చూసుకొని గిట్లనే నవ్వింది. ఇగ నువ్వు దుకాణం పోంగనే తనే నొసలు ముందుకు వెట్టేది. గొళ్లెం సప్పుడైతే తీసి అద్దానికి అంటిచ్చేది."

"బిళ్లలు నేనే తెస్తుంటి" అంది లలితమ్మ, గోడవైపు చూస్తూ.

"నేనేమన్న పులినా? నాకెందుకు భయపడ్డది?"

"భయం గాదు బాపు. నువ్వు అందరికి చెప్పెటోనివి గద, మా అమ్మ నొసలు కడిగిన పలక అని. నీ మాట పోవద్దని కడుక్కునేది."

ప్రహ్లాద్ కుర్చీలో కూలబడ్డాడు. ఊరంతటికీ పెద్దక్షరాలు రాసిన ఆ చేతులు ఇప్పుడు మొహాన్ని కప్పుకున్నాయి. భుజాలు కదిలాయి. సోనీ నేల మీద కూర్చుని తండ్రి మోకాలికి తల ఆనించింది.

బయట గొళ్లెం చప్పుడైంది.

"ప్రహ్లాదూ! ఉన్నవా రా?" కృష్ణయ్య చిన్నాయన గొంతు.

అలవాటు కొద్దీ లలితమ్మ దుప్పటి అందుకుని బొమ్మ మీద కప్పబోయింది. ప్రహ్లాద్ లేచి ఆమె చేతిలోంచి దుప్పటి తీసుకున్నాడు. నేల మీది తెల్లచుక్కను దాంతో తుడిచాడు. తర్వాత బొమ్మ వైపు తిరిగాడు.

"నువ్వట్లనే ఉండు అమ్మా. గొళ్లెం నేను తీస్త."