గోడ పట్టు వదల్లేదు

"మీ బావని చంపాల్సి రావచ్చు," అన్నాడు చీఫ్, టీలో చక్కెర కలుపుకుంటూ.

ఏజెంట్ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ బావ రహస్య సంకేతాలు చూసే సైఫర్ విభాగానికి హెడ్. సరిహద్దు అవతల మారువేషాల్లో తిరుగుతున్న నలభై మంది పేర్లు కాగితం మీద ఎక్కడా లేవు. అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. వారం క్రితం ఆ తలలోనే ఒక రక్తనాళం మూసుకుపోయింది. స్ట్రోక్. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట మిగిలింది.

"విదేశీ ముఠా దగ్గర నిజం కక్కించే సీరమ్ ఉంది. రక్తంలోకి ఎక్కిస్తే చాలదు, మెదడులోకి చేరాలి. మధ్యలో రక్తనాళాల గోడ అడ్డం. స్ట్రోక్ వస్తే అది బీటలు వారుతుంది. కాబట్టి ఇప్పుడే వస్తారు."

"అయితే ఆయన్ని ఆస్పత్రి నుంచి తెచ్చేద్దాం సార్."

"ఎర తీసేస్తే చేప పడదు." చీఫ్ లైటరంత రిమోట్ అతని చేతిలో పెట్టాడు. "డ్రిప్ పంపులో గుండె ఆపే మందు ఉంది. సీరమ్ ఎక్కిన రెండు నిమిషాలకి నొక్కు. ఎప్పుడో రాసిపెట్టిన స్టాండింగ్ ఆర్డర్ అది. మీ అక్కకి ఉత్తరం నేను రాస్తాలే."

మర్నాడు పొద్దున పదింటికి ఏజెంట్ స్వీపర్ వేషంలో ఐసీయూ వరండా తుడుస్తున్నాడు. న్యూరాలజిస్ట్ వచ్చింది. ఆమెను చూస్తే రోగుల బీపీ పెరిగేది, అంత అందగత్తె.

"ఫ్లోర్ తడిగా ఉందా?"

"ఇప్పుడే తుడిచానమ్మా."

కోడ్ సరిపోయింది. ముఠాలో మనకున్న మనిషి ఆమే. ఏజెంట్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె లోపలికెళ్ళి గడియ పెట్టింది.

తూటా దిగని అద్దం, ఉక్కు తలుపు. భద్రత కోసమని డిపార్ట్‌మెంటే పెట్టించింది. ఏజెంట్ భుజంతో గుద్దితే భుజమే వాచింది. గదిలో దాచిన మైకు నుంచి ఇయర్‌ఫోన్‌లో ఆమె గొంతు వినబడింది. ఫోన్‌లో ముఠాతో మాట్లాడుతోంది; ఆమె అసలు వాళ్ళ మనిషే.

"మొదటి ఇంజెక్షన్ ఇచ్చేశాను. ఆస్ట్రోసైట్ల పట్టు సడలిపోతుంది."

ఆస్ట్రోసైట్లంటే మెదడులో ఊడిగం చేసే కణాలు. ఆలోచించే కణాలకు దక్కే పేరు వీటికి దక్కదు. ఇవి రక్తనాళాలను పాదాలతో చుట్టి పట్టుకుని గోడను నిలబెడతాయి. ఆ పాదాలు ఊడితే తలుపు బార్లా తెరిచినట్టే.

సీరమ్ ఉన్న రెండో సిరంజి ఎక్కింది. ఏజెంట్ వాచీ చూశాడు. ఒక నిమిషం. రెండు. బొటనవేలు బటన్ మీద ఉంది, నొక్కలేకపోయాడు.

"పేర్లు చెప్పండి," అందామె.

"మంచినీళ్ళు," అన్నాడు బావ ముద్దమాటలతో.

మూడు.

"మొదటి మనిషి ఎవరు?"

"ఈ దుప్పటి పొట్టిగా ఉంది."

నాలుగు. ఆమె ఫోన్‌ని ఆయన నోటి దగ్గర పెట్టింది. "ఒక్క పేరు."

"మొదటి పేరు ఈ డాక్టరమ్మదే. మూడేళ్ళుగా మా మనిషి. మీ గుట్టంతా చెప్పేసింది."

సీరమ్ ఎక్కినవాడు అబద్ధమాడడని ముఠాకి గట్టి నమ్మకం. లైన్ కట్టయింది.

ఆమె గడియ తీసి రెండు చేతులూ చాపింది. "అరెస్ట్ చెయ్యండి. దయచేసి."

"అరెస్ట్ ఎందుకు?" ఇయర్‌ఫోన్‌లో చీఫ్ అన్నాడు. "గేటు దాకా మర్యాదగా దిగబెట్టు."

ఏజెంట్ దిగబెట్టాడు. రోడ్డు అవతల ఒక కారు తలుపు తెరుచుకుంది. అతను వెనక్కి చూడకుండా లోపలికి వచ్చేశాడు.

సాయంత్రం ల్యాబ్ ఆఫీసర్ విషయం విప్పాడు. "వాళ్ళ మందు ఆరోగ్యమైన మెదళ్ళ మీద పరీక్షించారు. దెబ్బ తిన్న చోట ఆస్ట్రోసైట్ల తీరే వేరు. ఉబ్బి, గాయం చుట్టూ గుమిగూడి, గోడని బిగించే పదార్థాలు వదుల్తాయి. వారంలో ఇవి బీటలు పూడ్చేశాయి. మందుకి లొంగలేదు, సీరమ్ బయటే ఉండిపోయింది."

ఏజెంట్ మంచం పక్కన కూర్చున్నాడు. బావ కుడి కన్ను తెరిచాడు.

"ఎన్ని నిమిషాలు ఆగావు?"

"నాలుగు, బావా."

"ఆర్డర్ రెండే. రాసింది నేనే." మళ్ళీ అడిగాడు. "ఐదో నిమిషం వస్తే?"

ఏజెంట్ దుప్పటిని ఆయన పాదాల మీదికి లాగాడు. "నొక్కేవాణ్ణి."

"మంచిది. మీ అక్కకి మాత్రం పది అని చెప్పు."