ఖాళీ సంచి బరువు

వేటకు బయలుదేరాల్సిన రోజు మధ్యాహ్నం ఓరిన్ తన సామానంతా షెడ్డు నేల మీద పరిచి దాని ముందు కూర్చున్నాడు. బయట అమెరికాలోని ఐడహో కొండల మీద అప్పుడే కొత్త మంచు పడింది. షెడ్డులో తుపాకీ నూనె వాసన, పాత కాన్వాసు వాసన. కావలసినవన్నీ ఉన్నాయి, అతని దగ్గర ఓపిక ఒక్కటే లేదు.

తండ్రీకూతుళ్లు ఎల్క్ దుప్పి వేట అనుమతి కోసం ఏటా లాటరీలో పేర్లు వేస్తూ వస్తున్నారు. ఇన్నేళ్లకి తగిలింది. తగిలిన ఏడాదే ఓరిన్ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంతకు మించి మోస్తే కాలు పోతుందని డాక్టరు ఒక లెక్క చెప్పాడు. కూతురు షెల్బీ ఆ మాట గట్టిగా పట్టుకుని, దూలానికి వేలాడే కాటా మీద సరిగ్గా ఆ బరువు దగ్గర ఎర్ర గీత గీసింది. ముల్లు గీత దాటితే తండ్రిని ఇంట్లో వదిలేసి తనొక్కతే కొండెక్కుతుందట. అన్నంత పనీ చేసే మనిషి. ఆ లోయలో కాలు జారితే కేకేసినా పలికేవాడుండడు. వేట పోతే పోయింది గానీ, పిల్లని ఒంటరిగా పంపడమంటేనే ఓరిన్‌కి భయం.

అందుకని వారం నుంచి ఇద్దరికీ బరువు తగ్గించే పిచ్చి పట్టింది. పళ్ల బ్రష్షుల పిడులు సగానికి కోశారు. మ్యాపు అంచులు కత్తిరించారు. చొక్కాల చీటీలు పీకేశారు. ఇద్దరికీ కలిపి ఒకటే డేరా, ఒకటే పొయ్యి. ఇంత చేసి నిన్న తూచితే ముల్లు గీత కిందే ఆగింది. ఇవాళ మళ్లీ సర్ది తూచితే అదే సంచి గీత దాటి చాలా దూరం పోయింది.

"ఏం దాచావు నాన్నా? నిజం చెప్పు," అంది షెల్బీ.

ఓరిన్ సిగ్గుపడుతూ ఇనప పెనం బయటికి తీశాడు. ముల్లు కదల్లేదు. విస్కీ సీసా తీశాడు. కదల్లేదు. ఆమె దుప్పటి, చలికోటు, తిండి పొట్లాలు వరసగా లాగి పారేసింది. ముల్లు ఉన్నచోటే ఉంది. కాటా చెడిందేమోనని తన సంచి తగిలించి చూసింది. కాటా శుభ్రంగా ఉంది. ఇద్దరికీ చిర్రెత్తుకొచ్చి, ఓరిన్ సంచిని తలకిందులు చేసి దులిపారు. దారప్పోగు కూడా రాలలేదు. మళ్లీ తగిలించారు.

ఖాళీ సంచి అంతే తూగింది.

అది ఓరిన్ తండ్రి వాడిన సంచి. వేటాడిన మాంసాన్ని కట్టి మోసుకొచ్చే అల్యూమినియం చట్రానికి బిగించి ఉంటుంది. ఓరిన్ ఆ చట్రాన్ని కింద నుంచి పైదాకా తడిమి చూశాడు. అడుగున చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ తోలు తిత్తి ఉండాలి. ఏదీ?"

పొద్దున మిగులు పట్టీలతో పాటు అదీ కోసేశానని, అన్నీ కలిపి ఇంట్లో పొయ్యిలో వేసి కాల్చేశానని షెల్బీ చెప్పింది. చెంచా బరువు కూడా లేని దానికి ఇంత రాద్ధాంతమా అని విసుక్కుంది.

"అందులో ఏముంది?"

"నాకూ తెలీదు. మీ తాత విప్పనిచ్చేవాడు కాదు. అది లేకుండా ఈ సంచిని కొండెక్కించొద్దనేవాడు."

షెల్బీ నవ్వబోయి మానేసింది. చీకటి పడకముందే కొండ అడుగుకి చేరాలని, ఇక తనొక్కతే వెళ్తానని డేరా, పొయ్యి తీసుకుని తన సంచితో బయటికి నడిచింది. ఓరిన్ ఎంత చెప్పినా వినలేదు.

ఆమె వెనక తలుపు మూసుకుపోయి షెడ్డులో వెలుగు తగ్గిపోయింది. ఓరిన్ కాటా ముందు ఒక్కడే మిగిలాడు. కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంచిని కొక్కెం మీంచి లాగేద్దామని చట్రం మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.

ఎండ వేడి కాదు. అప్పుడే కోసిన మాంసాన్ని వీపున వేసుకుంటే చొక్కాలోంచి తగిలే వెచ్చదనం. వేటగాడికి అది తెలియకపోవడం ఉండదు. పచ్చి నెత్తురు వాసన గుప్పుమంది... నూనె వాసన ఎటు పోయిందో పోయింది. కొక్కెం కిర్రుమంది. సంచి కొంచెం కిందికి దిగింది... మళ్లీ ఇంకొంచెం. లోపల ఎవరో సర్దుకుని కూర్చుంటున్నట్టు.

ఓరిన్‌కి భయం కంటే ముందు ఉక్రోషమే వచ్చింది. "నా పిల్లతో నన్ను వెళ్లనీ," అన్నాడు పళ్లు బిగించి. "నన్నొదిలెయ్. ఎక్కడికి పోతావో పో... ఎవరి మీద ఎక్కుతావో ఎక్కు."

ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. ఖాళీ సంచి గాలికి అటూ ఇటూ ఊగింది. చెయ్యి పెట్టి చూస్తే చట్రం చల్లగా ఉంది. ఓరిన్‌కి ప్రాణం లేచొచ్చింది. షెల్బీని పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. కుంటుకుంటూ బయటికి పరిగెత్తాడు.

షెల్బీ ట్రక్కు పక్కన ఉంది. సంచి వీపునే ఉంది. నడుం వంగిపోయి, రెండు చేతులూ ట్రక్కు తలుపుకి ఆనించి నిలబడింది.

"నాన్నా..." అంది మెల్లగా. "నా సంచిలో ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు. దించెయ్ తల్లీ... ముందు దించెయ్."

షెల్బీ నడుం దగ్గర బకిల్ ఊడదీసింది. తర్వాత ఛాతీ దగ్గరది. పట్టీలు భుజాల మీంచి జారాయి. సంచి కంకర మీద పడి పక్కకి దొర్లింది.

షెల్బీ నడుం ఎత్తలేదు. అలాగే వంగి ఉంది.

"దించాను కదా నాన్నా... ఇంకా దిగలేదు."

ఓరిన్ ఆమె వెనక్కి వెళ్లి చూశాడు. వీపు మీద ఏమీ లేదు. భుజాల దగ్గర మాత్రం చొక్కా బట్ట రెండు చోట్ల లోపలికి నొక్కుకునే ఉంది. అతను చూస్తుండగానే ఆ నొక్కులు రెండూ మెడ వైపు కొంచెం జరిగాయి.