అమ్మ వద్దన్న చూపు

"బాబూ, ఒక్క మాట."

రిహార్సల్ హాలు వరండాలో వయొలిన్ అమ్మాయి తల్లి ఆపేసరికి, వయోలా వాయించే అబ్బాయి భుజాన పెట్టె సర్దుకుని నిలబడ్డాడు.

"చెప్పండి ఆంటీ."

"పొద్దుట్నుంచి కిటికీలోంచి చూస్తున్నాను. నువ్వు స్వరాల కాగితం వైపు తక్కువ, మా అమ్మాయి వైపు ఎక్కువ చూస్తున్నావు. ఇక చూడకు."

అతను ఏదో చెప్పబోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

ఆ తల్లికి భయాలు కొత్త కాదు. పెద్ద ఆర్కెస్ట్రాలో కూతురికి శిక్షణ దొరికిందని తెలిసిన రోజు కూడా, స్టేజీ కూలితే ఎలా అనే అడిగింది. శిక్షణ చివర నలుగురేసి జట్టుగా కచేరీ చేయాలి. అది బాగుంటేనే ఆర్కెస్ట్రాలో ఉద్యోగం. కూతురిది మొదటి వయొలిన్. ఆ అబ్బాయిది వయొలిన్‌కి అన్నలా ఉండే వయోలా.

మర్నాడు అతను తల ఎత్తలేదు. కూతురు కమాను లేపింది, ఊపిరి తీసుకుంది, ఎత్తుకుంది. వయోలా వెనకబడింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ వెనకే.

శిక్షణ ఇచ్చే పెద్దాయన కళ్ళజోడు తీశారు. "రేపటికి కలవకపోతే మీకు కచేరీ లేదు."

విరామంలో కూతురు అతన్ని నిలదీసింది.

"నా మీద కోపమా?"

"లేదు."

"మరి నా మొహంలో దెయ్యం కనిపిస్తోందా?"

"చూస్తేగా తెలిసేది."

"చూడకుండా ఎలా వాయిస్తావు? ఇక్కడ చెయ్యి ఊపే కండక్టర్ లేడు. నేను ఊపిరి తీసుకోవడం చూసే మీరు ముగ్గురూ ఎత్తుకోవాలి. మొన్నటిదాకా బాగానే చూశావుగా."

"మొదట్లో పని కోసం చూశాను." అతను బూటు లేసుతో మాట్లాడుతున్నట్టున్నాడు. "తర్వాత పని లేనప్పుడు కూడా చూశాను. దొరికిపోయాను."

"ఎవరికి?"

తలుపు దగ్గర ఫ్లాస్కు పట్టుకున్న తల్లి గొంతు సవరించుకుంది.

"నాకేనే. నేనే చూడొద్దన్నాను. అది మీ పనిలో భాగమని నాకెవరైనా చెప్పారా?"

"అమ్మా, కచేరీ పోయేది."

"అందుకే గుండె దడదడలాడుతోంది. బాబూ, చూడు. ఎంత కావాలంటే అంత చూడు." ఫ్లాస్కు మూత బిగించింది. "వాయించేటప్పుడు."

కచేరీ నాడు వాన. కప్పు కారి కూతురి వయొలిన్ తడుస్తుందేమోనని తల్లి పైకే చూస్తూ కూర్చుంది. అందుకే అసలు సంగతి చూడలేకపోయింది. కూతురు ఊపిరి తీసుకుంది, అతను కళ్ళెత్తాడు, నాలుగు కమానులు ఒక్కసారే తీగల మీద వాలాయి.

చప్పట్లయ్యాక పెద్దాయన వచ్చి నలుగురికీ ఉద్యోగం ఖాయమన్నారు. పిల్లలిద్దరూ నవ్వేశారు. తల్లి మొహం మాత్రం వాడిపోయింది.

"ఇప్పుడేం భయమమ్మా?"

"ఇద్దరూ పొద్దస్తమానం ఇంట్లో సాధన చేస్తే పక్కవాటా వాళ్ళు ఊరుకుంటారా? ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతారు?"

కూతురి బుగ్గలు వేడెక్కాయి. "ఇద్దరం ఒకే ఇంట్లో అని ఎవరన్నారు? నన్నింకా ఎవరూ అడగందే."

వయోలా అబ్బాయి పెట్టె కింద పెట్టాడు.

"అడుగుతున్నాను."

కూతురు తీరిగ్గా కమాను తుడిచింది. తర్వాత మెల్లగా అంది, "మేడ మీద చివరి వాటా అయితే సరే. పక్కన ఎవరూ ఉండరు."

"మేడ మీదా?" తల్లి అప్పుడే కంగారుపడింది. "ఆ పెట్టెలతో మెట్ల మీద జారితే?"