వెదురు డిపోలో కొత్త కాపురం

"ఆ గెడ కొయ్యకండి."

ఆమె నాతో అన్న మొదటి మాట అది. అప్పటికే రంపం సగం దిగింది.

మా పెదనాన్న వెదురు డిపోలో నేను గుమాస్తాని. లోడు దించుకోవడం, రిజిస్టరులో తేదీ వెయ్యడం, కొనేవాళ్ళకి కావలసిన పొడవుకి గెడలు కోయించడం నా పని. ఆ రోజు కోతమనిషి రాలేదని నేనే రంపం పట్టాను. మెడలో చిన్న పెట్టె వేలాడేసుకున్న అమ్మాయి ఒకతె గేటు తోసుకుని సరాసరి వచ్చి రంపం పట్టుకునేసరికి నాకు ఒళ్ళు మండింది. ఏం కావాలండీ అని కాస్త గట్టిగానే అడిగాను.

లోపల గబ్బిలాలున్నాయంది. బొటనవేలు దూరని బొంగులో గబ్బిలాలేమిటని నవ్వాను. ఆమె నవ్వలేదు. గెడ మీద పెన్సిలు కూడా పట్టని సన్నటి చీలిక చూపించి, టార్చి వేసి, నన్ను కన్ను ఆనించమంది. లోపల ఎవరో నొక్కేసినట్టు చదునైన తల, రెండు నల్లటి కళ్ళు. నేను అదిరిపడి రంపం కాలిమీద వేసుకున్నాను. తొలిచూపులో ప్రేమ అంటారు కదా, నా చూపు ముందు గబ్బిలంతో కలిసింది, తర్వాతే ఆమెతో.

కాలికి కట్టు కడుతూ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆమె ఊళ్ళోని గబ్బిలాలను లెక్కపెట్టడానికి పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. మన చెవికి అందని వాటి అరుపుల్ని ఆ పెట్టె వినిపిస్తుంది. నిన్న సాయంత్రం మా గోడ పక్కగా వెళుతుంటే, ఇక్కడ వినపడకూడని అరుపు వినిపించింది. ఈ జాతి ఆరు వందల కిలోమీటర్ల అవతల కొండల్లోని వెదురు పొదల్లో తప్ప ఎక్కడా ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఇక్కడ ఉందని రుజువైతే సొంతంగా రెండేళ్ళ పని ఆమెకే ఇస్తారు. లేదంటే నెలన్నరలో వెనక్కి వెళ్ళి, ఇంకొకరి నమూనాల సీసాలకు చీటీలు అంటించుకోవాలి. నాకు రెండేళ్ళు అన్న మాట ఒక్కటే బాగా వినిపించింది.

ఈ వెదురు ఎక్కడిదని అడిగింది.

"చుట్టుపక్కల తోటల్లోదేనండి. పచ్చిది, మొన్న కొట్టింది" అన్నాను.

దూరపు సరుకంటే ధర తగ్గించి అడుగుతారని, కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అలా చెప్పాలని చేరిన రోజే పెదనాన్న నేర్పాడు. నిజానికి మా లోడ్లన్నీ చాలా దూరం నుంచి వస్తాయి. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ మాట నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆమె దాన్ని బుద్ధిగా తన నోటుబుక్కులో రాసుకుంది.

తర్వాతి రోజులు హాయిగా గడిచాయి. ఆమె తొడుగులు వేసుకుని ఒక్కో గబ్బిలాన్నీ కొలిచేది. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి అంకెలు నేను రాసేవాణ్ణి. ముంజేయి ఇరవై ఆరు మిల్లీమీటర్లు, బరువు నాలుగు గ్రాములు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వివరాలు అడగరండీ అంటే, మీకు బాగా అనుభవం ఉన్నట్టుందే అనేది. కొనేవాళ్ళ ముందు గబ్బిలం అన్న మాట వినపడకూడదని పెదనాన్న షరతు పెట్టాడు. అందుకని మేం వాటిని చుట్టాలు అనేవాళ్ళం. వారం తిరిగేసరికి పెదనాన్నే పొద్దున్నే వచ్చి చుట్టాలు కులాసాయేనా అని అడగడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే షెడ్డులో కూర్చుని తన వ్యాసం చదివి వినిపించింది. అందులో ఆ కొండల పేరు వచ్చింది. మా లోడ్లు వచ్చేది సరిగ్గా అక్కణ్ణుంచే.

"ఇది లారీలో వచ్చిందేమో అని మా ప్రొఫెసర్ మొట్టమొదట అడుగుతారు" అంది. "వెదురు ఇక్కడిదే అని మీరు చెప్పారు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఇదంతా చిత్తుబుట్టలోకే."

అని నావైపు చూసి నవ్వింది.

నాలుగు రోజులు దాచాను. ఆమెకు బాధ కలుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను కానీ, అసలు సంగతి అది కాదు. ఆమె వెళ్ళిపోతుందని భయం. తిండి సహించలేదు. అయిదో రోజు, వ్యాసం పంపడానికి ఆమె లాప్‌టాప్ తెరిచినప్పుడు, లోడ్ల రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాను. ఆమె వేలితో పేజీలు తిప్పింది. ప్రతి పేజీలోనూ ఆ కొండల పేరే.

"ఎప్పటినుంచి తెలుసు?"

"వెదురు అక్కడిదని ఎప్పుడూ తెలుసు. అది మీకు ముఖ్యమని నాలుగు రోజుల కిందట తెలిసింది."

"గబ్బిలాలు లారీలో రావడం మీ తప్పు కాదు" అంది మెల్లగా. "నేను తప్పు రాస్తుంటే నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తూ ఊరుకున్నారు. నాకు అది కష్టంగా ఉంది."

పెట్టె మెడలో వేసుకుని వెళ్ళిపోయింది. గదిలోంచి అంతా విన్న పెదనాన్న చాలాసేపటికి బయటికి వచ్చి, ఆ మాట నీ నోట పెట్టింది నేనేరా అన్నాడు. ఆ రోజు ఇంక ఎవరికీ ఏమీ అమ్మలేదు.

డిపో వెనక కాలవ గట్టున ఒక పెద్ద వెదురు పొద ఉంది. ఎప్పుడో కంచె కోసం నాటారు, ఎవరూ కొట్టరు. రెండు రోజుల తర్వాత సాయంత్రం, ఏమీ తోచక అక్కడ నిలబడితే, బతికున్న గెడ చీలికలోంచి ఒకటి జారి ఎగిరిపోయింది. వెనకే ఇంకొకటి. మర్నాటి నుంచి గొడుగు వేసుకుని అక్కడే కూర్చున్నాను. తొమ్మిది సాయంత్రాలు. తేదీ, టైము, ఏ గెడలోంచి ఎన్ని వచ్చాయో రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి ఆమెకు పంపాను. నేను చూసింది ఇది, వచ్చి సరిచూసుకోండి అని మాత్రం రాశాను.

మర్నాడు పొద్దు వాలకముందే వచ్చింది. పలకరించలేదు. పొద దగ్గర ఇద్దరం చెరోవైపు నిలబడి లెక్కపెట్టాం. నాకు పదిహేడు, ఆమెకు పద్దెనిమిది వచ్చాయి.

"ఒకటి తప్పారు" అంది.

తుమ్ము వచ్చిందని చెప్పాను. ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది, కానీ నవ్వు నాకు కనిపించనే కనిపించింది.

చివరగా బయటికొచ్చిన దాన్ని గుడ్డసంచిలో పట్టింది. రెక్క విప్పి కింద టార్చి పెట్టింది. పెద్దవాటికి వేలి కీళ్ళ దగ్గర వెలుతురు ఆగిపోతుంది. దీని కీళ్ళలోంచి సన్నగా పైకి వస్తోంది. ఎముక ఇంకా గట్టిపడలేదని, దీనికి రెండు నెలలు కూడా నిండలేదని చెప్పింది. ఆఖరి లోడు ఎప్పుడు వచ్చిందని అడిగింది. కొండదారిలో వంతెన కొట్టుకుపోయి ఆరు నెలలైంది, అప్పటినుంచి పాత సరుకే అమ్ముతున్నాం అని చెప్పాను.

"అంటే ఇది ఇక్కడే పుట్టింది" అంది. గబ్బిలాన్ని వదిలి, చీకటి పడుతున్నా అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుంది. నేను జేబురుమాలు ఇస్తే వద్దనలేదు.

వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాసింది. ఇవి లారీల్లోనే వచ్చి ఉండవచ్చనీ, ఎలా వచ్చినా ఇక్కడి పొదలో పిల్లల్ని కంటూ స్థిరపడ్డాయనీ రాసింది. నేను ప్రొఫెసర్‌కు వేరే ఉత్తరం రాశాను. మొదట నేను చెప్పింది అబద్ధమని, ఎందుకు చెప్పానో కూడా రాసి, రిజిస్టరు నకళ్ళు జతచేశాను. ఎవరూ అడగకపోయినా పెదనాన్న కింద సంతకం పెట్టి డిపో ముద్ర వేశాడు.

నెల తర్వాత ఒక ఉదయం ఆమె వచ్చింది. ముందు పెదనాన్న గదిలోకి వెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చింది. రెండేళ్ళ పని ఖాయమైందట. గెడల మీద కూర్చుని, సంస్థ పంపిన ఉత్తర్వు కాగితం నాకు చదివి వినిపించింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను. "ఈ రెండేళ్ళూ కాదు, ఎప్పటికీ మీరు ఇక్కడే ఉంటే బాగుండునని ఉంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదివరకు మీ మాట ఒకటి సరిచూసుకోకుండా నమ్మి మునిగాను. అందుకని ఈసారి ముందే విచారించుకున్నాను."

"ఎవర్ని?"

"మీ పెదనాన్నగారిని. మావాడు అబద్ధం చెప్తే నాలుగు రోజులు తిండి మానేస్తాడు, మొగుడిగా అంతకంటే ఏం కావాలమ్మా అన్నారు."

"మీరేమన్నారు?"

"మా అమ్మకి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చి వచ్చాను."

గది కిటికీలోంచి చూస్తే పెదనాన్న కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్ చెవికి ఆనించుకుని, అలాగేనండీ చెల్లెమ్మగారూ, అలాగే అంటున్నాడు.